దస్తూరి మాస్టారికి ఉత్తరాలు

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇటాలిక్ రాత గురించే. ఇంగ్లీషు అక్షరాల్ని మెలికలు లేకుండా, కాస్త కోలగా, కాస్త వాలుగా రాసే పద్ధతి అది. ఫోన్లో వీడియోలు చూసి పెద్దవాళ్ళు పెన్నులు కొంటున్నారు. బడులు తెరిచారు కాబట్టి తల్లులూ టీచర్లూ పిల్లల కాపీలు ముందేసుకుని కూర్చున్నారు. కొందరు చేత్తో రాసి పంపారు, కొందరు వాట్సాప్‌లో టైపు చేశారు. చేతిరాత గురించి టైపు చేసి అడిగినా నాకు పట్టింపు లేదు, జవాబిస్తాను. కాకపోతే రాసి పంపితే మీ చెయ్యి ఎక్కడ తడబడుతోందో నాకు కనిపిస్తుంది. మీరు అడగని సంగతి కూడా నాలుగు ముక్కలు చెప్పడానికి వీలవుతుంది.

ప్రశ్న: మాస్టారూ, మా బాబు నాలుగో తరగతి, ఇంగ్లీషు మీడియం. ఎల్‌కేజీ నుంచీ కర్సివ్ రాయిస్తున్నారు. ఇంటి దగ్గర హోంవర్కు ముత్యాల్లా రాస్తాడు. పరీక్షలో రాసింది మాత్రం వాడే చదువుకోలేడు. ఇటాలిక్ అయితే తేలికని విన్నాను. ఇప్పుడు మారిస్తే రెంటికీ చెడ్డ రేవడవుతాడేమో, మార్కులు పోతాయేమో అని టెన్షన్‌గా ఉంది. (ఒక తల్లి, రాజాం)

జవాబు: ఏమీ చెడడు, అమ్మా. నాలుగో తరగతి మార్చడానికి మంచి వయసు. పదో తరగతిలో సంక్రాంతి సెలవులకి వచ్చి అడిగుంటే మాత్రం వద్దనేవాణ్ణి.

మీవాడు రాస్తున్న కర్సివ్, అంటే అక్షరాలు కలుపుతూ పోయే మెలికల రాత, ఎక్కడిదో తెలిస్తే మీకు సగం భయం పోతుంది. 18వ శతాబ్దంలో ఇంగ్లండులో రాత నేర్పే పుస్తకాలు అచ్చువెయ్యాలంటే అక్షరాలు రాగిరేకు మీద చెక్కేవారు. చెక్కే పనిముట్టు సన్నగా దిగుతుంది, లోతుకి వెళ్తే గీత లావవుతుంది, మళ్ళీ సన్నగా పైకి తేలుతుంది. లోహం మీద చెక్కిన ఆ గీతల్ని చూసి పిల్లలు కలంతో దించేవారు. దానికి తగ్గట్టే మొనదేలిన పాళీలు వచ్చాయి, నొక్కితే రెండుగా విచ్చుకుని లావు గీత గీసేవి. ఆ రాతే ఇంగ్లీషు చదువుతోపాటు మన కచేరీలకీ కాన్వెంట్లకీ చేరింది. ఇప్పుడా పాళీ లేదు. లావూ సన్నమూ పోయాయి, మెలికలు మాత్రం మిగిలాయి. బాల్‌పెన్ను ఇచ్చి ఆ రాత రాయమనడం బొబ్బిలి వీణ గమకాల్ని హార్మోనియం మీద పలికించమనడమే.

ఇటాలిక్ దానికంటే పాతది, పైగా పనివాళ్ళ రాత. 15వ శతాబ్దం మొదట్లో ఫ్లోరెన్సులో నికోలో నికోలీ అనే పండితుడు పాత గ్రంథాలకి నకళ్ళు రాసుకుంటూ, చెయ్యి త్వరగా సాగడానికి అక్షరాన్ని కాస్త కోలగా, కాస్త వాలుగా రాశాడు. పోపుగారి కచేరీలో ఉత్తరాలు రాసే లేఖకులకి అది నచ్చింది. ఆ లేఖకుల్లో ఒకడైన లుదొవీకో అర్రీగీ 1522లో దాన్ని నేర్పే చిన్న పుస్తకం తయారుచేశాడు. రోజంతా రాసే గుమాస్తాలు అలసిపోకుండా రాసుకున్న రాత కాబట్టే పరీక్ష హాల్లో మూడు గంటలు నిలబడుతుంది.

ఇక మీ బాబు సంగతి. మొత్తం రాత ఒక్కసారి మార్చకండి. ముందు బి, ఎఫ్, హెచ్, కె, ఎల్ అక్షరాల పైన తిప్పే మెలిక తీసేయించండి. పైనుంచి కిందికి ఒక్క గీత దింపితే చాలు. జి, జె, వై అక్షరాలకి కింద తోక ఉంటే ఉండనివ్వండి, దాన్ని మెలితిప్పి పైకి తెచ్చి పక్క అక్షరానికి తగిలించొద్దు. తోక అక్కడ వదిలేసి, కలం ఎత్తి, కొత్తగా మొదలెట్టాలి. ఇటాలిక్‌లో కలం ఎత్తడం తప్పు కాదు. కర్సివ్‌లో పదం పూర్తయ్యేవరకూ ఎత్తకూడదని పిల్లల్ని బెదరగొట్టి పెట్టారు. హడావిడిలో రాత చెదిరేది సరిగ్గా ఈ తోకల దగ్గరా, ఈ ఎత్తకపోవడం దగ్గరా.

ఇది అలవాటయ్యాక 'ఎన్' మీద కూర్చోబెట్టండి. నిలువు గీత దింపి, కలం ఎత్తకుండా అదే గీత మీద సగం దూరం పైకి వెళ్ళి, అక్కడినుంచి పక్కకి చీలాలి. అడుగునుంచే చీలితే 'వి'లా కనిపిస్తుంది, మరీ పైన చీలితే గుండ్రంగా తయారవుతుంది. ఈ ఒక్క కదలిక పట్టుబడితే హెచ్, ఎమ్, ఆర్, బి, పి వాటంతటవే దారికొస్తాయి. అలాగే 'ఏ' కుదిరితే డి, జి, క్యూ కుదిరినట్టే. రోజుకి పావుగంట చాలు. అంతకు మించితే వాడికి రాత మీద కాదు, మీ మీద విసుగొస్తుంది.

కొత్తలో వేగం తగ్గుతుంది, కంగారు పడకండి. దసరా సెలవుల్లో మొదలెడితే పరీక్షల బెడద ఉండదు. స్కూలువాళ్ళు కర్సివ్ కాపీ అడిగితే ఆ కాపీలో వాళ్ళు చెప్పినట్టే రాయనివ్వండి. క్లాసు టీచరుతో వాదన పెట్టుకోవద్దు, రోజూ ఆవిడ ముందు కూర్చోవలసింది మీవాడు. మార్కుల సంగతంటారా, స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్ళొచ్చిన టీచర్లని ఎవర్నైనా అడగండి. కట్టలు కట్టలు పేపర్లు దిద్దేవాళ్ళకి మెలికలతో పని లేదు, చూడగానే చదవగలిగితే చాలు.

ప్రశ్న: నమస్కారం మాస్టారూ. నెల్లిమర్ల దగ్గర ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తున్నాను. మొన వెడల్పుగా కోసిన పాళీతో రాయిస్తే పిల్లలకి అక్షరం స్వరూపం బాగా పట్టుబడుతుందని ట్రైనింగులో ఒక తోటి టీచరు చెప్పారు. అన్ని పెన్నులు కొనడం అయ్యే పని కాదు. నా దగ్గరున్నవి సుద్దముక్కలు, పెన్సిళ్ళు, పాత పేపర్లు. వీటితో ఏమైనా చెయ్యవచ్చా? (ఒక టీచరు)

జవాబు: ఇంకేం కావాలి టీచరుగారూ! మీ చేతిలోని సుద్దముక్కే వెడల్పు పాళీ. రెండు సెంటీమీటర్ల ముక్క విరవండి. మొనతో రాయకుండా దాన్ని బోర్డు మీద పడుకోబెట్టి, దాని పొడవు ఎడమ కింద నుంచి కుడి పైకి, సరిగ్గా 45 డిగ్రీల ఏటవాలులో ఉండేలా పట్టుకోండి. ఇప్పుడు వేళ్ళు తిప్పకుండా, మణికట్టు మెలేయకుండా ఒక ప్లస్ గుర్తు గీయండి. నిలువు గీత, అడ్డ గీత రెండూ ఒకే లావులో వచ్చాయా, మీ కోణం సరిగ్గా ఉన్నట్టు. అడ్డ గీత సన్నగా వస్తే సుద్దముక్క మరీ పడుకుంది, నిలువు గీత సన్నగా వస్తే మరీ నిలబడింది. తర్వాత ఒక రంపపు పళ్ళ గీత గీయండి. కిందికి వచ్చేటప్పుడు సుద్ద వెడల్పంతా పడుతుంది, పైకి వెళ్ళేటప్పుడు వెంట్రుకవాసి గీత పడుతుంది. పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు. అసలు కిటుకంతా ఇదే. నొక్కడం వల్ల లావు రాదు, పనిముట్టు పట్టిన కోణం వల్ల వస్తుంది.

పిల్లల చేతికి జంట పెన్సిళ్ళు ఇవ్వండి. రెండు పెన్సిళ్ళు పక్కపక్కన పెట్టి పైనా కిందా రబ్బరు బ్యాండు వేస్తే సరి. రెండు మొనలూ ఒకే మట్టంలో కాగితానికి తగలాలి. చెక్కేటప్పుడు ఒకటి పొట్టి అయిపోతే పని జరగదు, అది మాత్రం మీరే చూసుకోవాలి. రెండు మొనల మధ్య దూరమే పాళీ వెడల్పు అనుకోండి, సుమారు 7 మిల్లీమీటర్లు. ఇటాలిక్‌లో చిన్న అక్షరం ఎత్తు పాళీ వెడల్పుకి ఐదింతలు. అంటే పాత పేపరు మీద మూడున్నర సెంటీమీటర్ల దూరంలో గీతలు కొట్టి ఇవ్వాలి. జంట పెన్సిల్ గీసేది జంట గీత కాబట్టి తిరుగుడు ఎక్కడ తప్పిందో పిల్లవాడికే కనిపిస్తుంది. మామూలు పెన్సిల్‌తో తప్పు దాక్కుంటుంది, జంట పెన్సిల్‌తో దాక్కోలేదు. సన్నపడాల్సిన చోట రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడి కలిసిపోతాయి, అది చూసి వాళ్ళు పడే సంబరం వేరు.

ఈ సంగతి నాకు డ్రాయింగు ట్రైనింగులో తెలియలేదు. మా విజయనగరం గంటస్తంభం దగ్గర సైన్‌బోర్డులు రాసే పెయింటరు ఒకాయన దగ్గర తెలిసింది. సుద్ద పూసిన దారాన్ని రేకు మీద బిగలాగి టప్పున వదిలేవాడు, తిన్నని గీత పడేది. ఎడమచేత్తో ఒక కర్ర అడ్డంగా పట్టుకుని, దాని మీద కుడి మణికట్టు ఆనించి, పలక బ్రష్‌ని ఒకే వాలులో ఉంచి లాగేవాడు. చూసేవాళ్ళకి అక్షరం గీసినట్టు ఉండదు, అక్కడే ఉన్నదాని మీద దుమ్ము తుడిచినట్టు ఉండేది. ఫ్లెక్సీలు వచ్చాక ఆయన బ్రష్‌లు కట్టిపెట్టేశాడు. మీ ఊళ్ళో గోడల మీద రాసే పెయింటరు ఇంకా ఎవరైనా ఉంటే ఒక పూట బడికి పిలవండి. ఆయనకి భోజనం పెట్టి, రోజు కూలీ ఇచ్చి మరీ పిలవండి. నాలాంటి వాడి ఉపన్యాసం కంటే పిల్లలకి అది ఎక్కువ పనికొస్తుంది.

ప్రశ్న: సంతకం కింద గీత ఉంటే డబ్బు నిలుస్తుందనీ, పైకి వాలి ఉంటే ప్రమోషన్ వస్తుందనీ అంటున్నారు. నిజమేనా? (ఒక పాఠకుడు, చీపురుపల్లి)

జవాబు: సంతకం బ్యాంకులో ఉన్న నమూనాతో సరిపోతే మీ డబ్బు మీకు వస్తుంది. అంతవరకూ నేను హామీ ఇవ్వగలను.

ప్రశ్న: మాస్టారుగారూ, శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఒక బ్యాంకులో పనిచేస్తున్నాను. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా కీబోర్డే. రాత్రి పూట ఒక అరగంట ఇటాలిక్ ప్రాక్టీసు చేస్తుంటే మనసుకి హాయిగా ఉంటోంది. కానీ నేను ఆర్టిస్టుని కాదు, చిన్నప్పుడు డ్రాయింగులో బొటాబొటి మార్కులు. నలభై దాటాక ఇది నాకు అబ్బుతుందా? ఏ పెన్ను, ఏ సిరా, ఏ కాగితం కొనాలి? ఆన్‌లైన్లో చూస్తే తల తిరిగిపోతోంది.

జవాబు: బాబూ, ఆర్టిస్టుని కాదన్నారు కదా, మంచిదే. ఈ రాతని 20వ శతాబ్దంలో మళ్ళీ నిలబెట్టిన ఆల్ఫ్రెడ్ ఫెయిర్‌బ్యాంక్ కూడా మీలాంటి ఉద్యోగే, బ్రిటన్ నౌకాదళ శాఖలో పనిచేసేవాడు. ఆఫీసు పని చేసుకుంటూనే 1932లో చేతిరాత మీద ఒక పుస్తకం రాశాడు, 1935లో బడిపిల్లలు చూసి రాసుకునే కార్డులు తయారుచేశాడు. ఇటాలిక్ రాసేవాళ్ళ సంఘం ఒకటి 1952లో ఇంగ్లండులో మొదలైంది, దాని వెనక ఉన్నదీ ఆయనే. ఆయనకి ముందువాడు ఎడ్వర్డ్ జాన్‌స్టన్. డాక్టరీ చదువు మధ్యలో వదిలేసి, బ్రిటిష్ మ్యూజియంలో పాత రాతప్రతుల ముందు కూర్చుని, ఆ అక్షరాల అందం వెడల్పుగా కోసిన కలంలో ఉందని పట్టుకున్నాడు. 1899 నుంచి లండన్‌లో పాఠాలు చెప్పాడు, 1906లో పుస్తకం వేశాడు. లండన్ భూగర్భ రైళ్ళ బోర్డుల మీది అక్షరాలకి మొదటి రూపం ఇచ్చింది కూడా ఈయనే. ఒకాయన చదువు వదిలేసినవాడు, ఒకాయన గుమాస్తా. వాళ్ళ వెనక నడిచింది ఎక్కువగా బడిపంతుళ్ళూ, ఉద్యోగాలు చేసుకునేవాళ్ళూ. మీకు బాగానే అబ్బుతుంది.

పెన్ను దగ్గరికొద్దాం. దుకాణంలో ఇటాలిక్ పాళీ అనీ స్టబ్ పాళీ అనీ రెండు రకాలు చెబుతారు. రెండూ వెడల్పుగా కోసినవే. ఇటాలిక్ పాళీ అంచులు పదునుగా ఉంటాయి, లావు సన్నం తేడా బాగా తెలుస్తుంది, కానీ కోణం కాస్త తప్పితే కాగితాన్ని గీరుతుంది. స్టబ్ అంచులు గుండ్రం చేసి ఉంటాయి కాబట్టి తొందరగా రాసినా సాఫీగా పోతుంది. రోజూ డైరీ, చెక్కు, సెలవు చీటీ రాసుకోవడానికి 1.1 మిల్లీమీటర్ల స్టబ్ చాలు. అక్షరం కుదుర్చుకోవడానికి 1.5 తీసుకోండి. పాళీ వెడల్పుకి ఐదింతల లెక్కన అక్షరం ఎత్తు ఏడున్నర మిల్లీమీటర్లు వస్తుంది, తప్పులు కంటికి కనిపించేంత పెద్దది. పైలట్ పారలెల్ అని రెండు పలకలు అతికించినట్టుండే పెన్ను వస్తుంది, 2.4, 3.8 సైజుల్లో దొరుకుతుంది. అది సరదాకి, పోస్టర్లకి బాగుంటుంది గానీ జేబులో పెట్టుకుని తిరిగేది కాదు. మన రాజమండ్రి రత్నం పెన్నులు స్వదేశీ ఉద్యమం రోజుల నుంచీ చేత్తో తయారవుతున్నాయి. అలాంటి పెన్ను కొనుక్కుని దానికి వెడల్పు పాళీ వేయించుకుంటే మీ తర్వాత మీ పిల్లలు కూడా రాసుకుంటారు. ఉన్న పాళీని గరుకు కాగితం మీద మీరే అరగదీయకండి. మొనకున్న గట్టి లోహం కాస్తా పోతే ఆ తర్వాత మెత్తటి ఉక్కు మిగులుతుంది, అది త్వరగా అరిగిపోతుంది.

సిరా మామూలు ఫౌంటెన్ పెన్ను సిరాయే. బొమ్మలకి వాడే ఇండియన్ ఇంకు మాత్రం ఫౌంటెన్ పెన్నులో పోయొద్దు. అందులో లక్కలాంటి బంక ఉంటుంది, ఆరితే గట్టిపడి సిరా దిగే దారి మూసేస్తుంది. కాగితానికి ఖరీదైన పుస్తకాలు అక్కర్లేదు. స్టేషనరీ షాపులో 100 జీఎస్‌ఎం బాండ్ పేపరు అడగండి, కొనేముందు ఒక మూల సిరా చుక్క పెట్టి చూడండి. పాకితే ఆ కాగితం వద్దు. తెల్లకాగితం కింద ముదురు గీతలు కొట్టిన కాగితం పెట్టుకుంటే పైన గీతలు గీయక్కర్లేదు.

మీ ఉత్తరం చేత్తో రాశారు కాబట్టి చెబుతున్నాను. మీ వాలు మొదటి లైన్లో ఒకలా, పదో లైన్లో ఒకలా ఉంది. ఇటాలిక్‌కి అయిదు నుంచి పది డిగ్రీల వాలు సరిపోతుంది. మీరు పేజీ కిందికి వచ్చేసరికి చెయ్యి బల్ల అంచు దాటి వేలాడుతోంది, అక్కడినుంచే అక్షరాలు పడిపోతున్నాయి. చెయ్యిని కిందికి దించకండి, కాగితాన్ని పైకి జరపండి.

ప్రశ్న: స్టీవ్ జాబ్స్ కాలిగ్రఫీ క్లాసుకి వెళ్ళకపోతే కంప్యూటర్లో ఫాంట్లే ఉండేవి కావని మా సీనియర్లు చెప్పారు. (ఇంజనీరింగు విద్యార్థి, విజయనగరం)

జవాబు: ఆయన అమెరికాలోని రీడ్ కాలేజీలో రాబర్ట్ పల్లడీనో క్లాసుకి వెళ్ళిన మాట నిజం. ఆ క్లాసు వల్లే మ్యాకింటాష్‌లో అందమైన అక్షరాలు పెట్టామని 2005లో స్టాన్‌ఫర్డ్‌లో తానే చెప్పాడు. కొంత గొప్పగా చెప్పుకుంటే చెప్పుకోనీ. ఆ కాలేజీలో ఆ పాఠానికి పునాది వేసింది మాత్రం అంతకుముందున్న లాయిడ్ రేనాల్డ్స్ అనే ప్రొఫెసరు. ఆయన నేర్పిన టీచర్ల వల్ల ఆ కాలేజీ ఉన్న ఆరెగన్ రాష్ట్రంలో చాలా బడుల్లోకి ఇటాలిక్ వెళ్ళింది. నన్నడిగితే కంప్యూటరు కథ కంటే ఇదే పెద్ద కథ. ఇకపోతే ఇటాలిక్ అచ్చక్షరాలు జాబ్స్ కోసం ఎదురుచూడలేదు. వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ 1501లోనే ఒక పుస్తకం మొత్తం వాటితో అచ్చువేశాడు.

ప్రశ్న: మాస్టారూ, తెలుగుని ఇటాలిక్‌లో రాయవచ్చా? నేను ప్రయత్నిస్తే అక్షరాలు గాలికి ఒరిగిపోయినట్టు వస్తున్నాయి. మనకంటూ కాలిగ్రఫీ సంప్రదాయం లేదా? (ఎచ్చెర్లలో పీజీ విద్యార్థిని)

జవాబు: వాల్చడమే ఇటాలిక్ అనుకుంటే తెలుగుకి అది వద్దమ్మా. మన తలకట్టు ఇప్పటికే కుడివైపుకి లేచి ఉంది, ఇంకా వాలిస్తే పూర్తిగా పడుకుంటుంది. కంప్యూటర్లో తెలుగు మీద ఇటాలిక్ బటన్ నొక్కినప్పుడు వచ్చే వికారం మీరు చూసే ఉంటారు. ఇంగ్లీషు అక్షరం కోలగా సన్నబడితే ఒప్పుతుంది. తెలుగు అక్షరానికి పొట్ట ఉండాలి, పొట్ట నొక్కేస్తే 'ప'కీ 'వ'కీ తేడా తెలియకుండా పోతుంది.

కానీ ఇటాలిక్ నుంచి వెడల్పు పాళీని మాత్రం తెచ్చుకోవచ్చు, వాలుని అక్కడే వదిలేయండి. పాళీ 45 డిగ్రీల్లో పట్టుకుని ఒక సున్న చుట్టండి. ఎడమ పైమూలా, కుడి కిందిమూలా సన్నబడతాయి, మిగతా రెండు మూలలూ లావవుతాయి. తలకట్టు పెట్టండి. కిందికి దిగే చిన్న గీత లావుగా, కుడి పైకి లేచే పొడుగు గీత సన్నగా వస్తుంది. మీరు ఏమీ చెయ్యక్కర్లేదు, పాళీయే చేసుకుంటుంది. ఈ రెండూ కుదిరితే తెలుగు అక్షరాల్లో చాలావాటికి ముడిసరుకు దొరికినట్టే. చిక్కంతా ఒత్తుల దగ్గర. 'రాష్ట్రం', 'స్త్రీ' లాంటి మాటలు అదే పాళీతో రాస్తే కింద సిరా ముద్దకట్టేస్తుంది. ఒత్తులకి సగం వెడల్పున్న పాళీ వాడండి. లైనుకీ లైనుకీ మధ్య ఇంగ్లీషుకి వదిలేదానికి రెట్టింపు జాగా వదలండి. పై లైను ఒత్తూ కింది లైను గుడీ కొట్టుకుంటే ఎంత బాగా రాసినా మురికిగా ఉంటుంది.

సంప్రదాయం లేదన్నది ఒప్పుకోను. తాటాకు మీద గంటంతో రాసినప్పుడు గీతకి లావు సన్నాలు ఉండవు, అందం అంతా తిరుగుడులోనే ఉంటుంది. తిన్నగా గీస్తే ఆకు ఈనె వెంట చీలుతుంది కాబట్టే మన అక్షరాలు గుండ్రబడ్డాయని పెద్దలు చెబుతారు. మీకు దగ్గర్లోనే శ్రీముఖలింగం ఉంది. ఈసారి వెళ్ళినప్పుడు దర్శనం అయ్యాక తొందరపడి బస్సెక్కకండి, తూర్పు గాంగుల నాటి శాసనాలు రాళ్ళ మీద ఉన్నాయి, వాటి ముందు కాసేపు నిలబడండి. ఎండ ఏటవాలుగా పడే వేళ అయితే ఉలి ఎక్కడ తిరిగిందో కనిపిస్తుంది.

కలిపిరాత కూడా మనకి ఉండేది. కరణాల గొలుసుకట్టు అంటే మీ తాతగారికి తెలుస్తుంది. కలం ఎత్తకుండా, అక్షరానికీ అక్షరానికీ లంకె వేసుకుంటూ పోయే రాత. భూముల లెక్కలు, దస్తావేజులు అందులోనే ఉండేవి. 1984లో కరణాల వ్యవస్థ తీసేశాక రాసేవాళ్ళు పోయారు, ఇప్పుడు చదివేవాళ్ళూ అరుదైపోయారు. మీ ఇంట్లో ఇనప్పెట్టెలో అలాంటి కాగితాలుంటే ఫొటోలు తీసి దాచండి. పీజీ ప్రాజెక్టుకి విషయం వెతుక్కుంటున్నారేమో, ఇదిగో చేతికందుతోంది.

ఈ కాలం సంగతంటే బాపు చేతిరాత ఫాంటుగా ఎంత పాకిందో చెప్పక్కర్లేదు. గూగుల్‌లో ఉచితంగా దొరికే తెలుగు ఫాంట్లలో గురజాడ, గిడుగు పేర్లతో కూడా ఉన్నాయి. ఒకరు మా ఊరివారు, ఒకరు మీ జిల్లావారు. దించుకుని, పెద్ద సైజులో ప్రింటు తీసి, పైన పలచటి కాగితం వేసి పాళీతో దిద్దండి. మొదట్లో ఇంతకంటే మంచి కాపీ దొరకదు.

ప్రశ్న: నాది ఎడమచేతివాటం. బీఈడీ చదువుతున్నాను. రాస్తుంటే అరచెయ్యి సిరా మీద పాకి పేజీ అంతా మసి అవుతోంది. రేపు బోర్డు మీద ఎలా రాయాలో అని బెంగగా ఉంది. (పార్వతీపురం)

జవాబు: కాగితం పైభాగం కుడివైపుకి వాలేలా తిప్పి పెట్టుకోండి. మోచెయ్యి ఒంటికి దగ్గరగా, చెయ్యి లైను కింద ఉండాలి. పైనుంచి చెయ్యి వంకర తిప్పి రాసే అలవాటుంటే అది మానడం కష్టమే, కానీ సిరా మీద చెయ్యి పాకడం ఆగుతుంది. ఎడమచేతివాళ్ళ కోసం ఏటవాలుగా కోసిన పాళీలు ఉన్నాయి, అడిగి తెప్పించుకోండి. త్వరగా ఆరే సిరా వాడండి. బోర్డు మీద అంత ఇబ్బంది ఉండదు, సుద్ద ముక్క చిన్నదిగా విరిచి, చెయ్యి బోర్డుకి ఆనకుండా భుజం నుంచి కదిలించి రాయండి. రేపు మీ క్లాసులో ఎడమచేతి పిల్లలుంటే వాళ్ళని బెంచీకి ఎడమ చివర కూర్చోబెట్టండి. మధ్యలో కూర్చోబెడితే ఇద్దరి మోచేతులూ గుద్దుకుంటాయి, తిట్లు మాత్రం ఎడమచేతివాడికే పడతాయి. ఈ సంగతి మీకు వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

ప్రశ్న: మాస్టారూ, సరదాగా కాలిగ్రఫీ నేర్చుకున్నాను. ఇప్పుడు చుట్టాలందరూ శుభలేఖల మీద పేర్లు రాసిపెట్టమంటున్నారు. ఈ మాఘమాసంలో మూడు వందల కవర్లు రాశాను, చేతికి వాపు వచ్చింది. ఒక్కరూ రూపాయి ఇవ్వలేదు. "నీకు సరదాయే కదా" అన్నారు. అడగాలంటే మొహమాటం. (ఒక గృహిణి, విజయనగరం)

జవాబు: మొహమాటం వాళ్ళకి లేనప్పుడు మీకెందుకమ్మాయ్? వంటవాళ్ళకీ సన్నాయివాళ్ళకీ అడ్వాన్సు ఇచ్చి మరీ పిలుస్తారు. వాళ్ళని "మీకు సరదాయే కదా" అని ఎవరూ అనరు. కవరుకి ఇంత అని ఒక రేటు పెట్టుకోండి. అడిగినవాళ్ళకి నోటితో చెప్పలేకపోతే మీరు బాగా రాసిన కార్డు మీదే ఆ రేటు రాసి ఫొటో తీసి పంపండి. సొంత అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ళ పిల్లల పెళ్ళి అయితే డబ్బు తీసుకోకండి, అది మీ చదివింపుల కింద జమ. పెదనాన్న తోడల్లుడి మేనల్లుడి పెళ్ళికి మాత్రం రేటు రేటే.

పేర్ల జాబితా వాళ్ళచేత రాయించి తీసుకోండి, ఫోన్లో చెబుతుంటే రాసుకోవద్దు. ఇంటిపేరు తప్పు పడితే పెళ్ళయిన పదేళ్ళకి కూడా మీ పేరే చెబుతారు. అనుకున్న దానికంటే పాతిక కవర్లు ఎక్కువ ఇమ్మనండి. ఇప్పుడొచ్చే శుభలేఖలు నున్నగా మెరుస్తుంటాయి, వాటి మీద పెన్ను సిరా ఆరదు, వేలు తగిలితే చెరిగిపోతుంది. పోస్టర్ కలర్ నీళ్ళలో పాలంత పలచగా కలిపి, బ్రష్‌తో ముంచుడు పాళీకి అందిస్తూ రాయండి. ముదురు ఎరుపు కవర్లకి తెలుపో బంగారు రంగో బాగుంటుంది. ఒక్కసారి కూర్చుంటే ముప్ఫై కవర్లు మించొద్దు, చేతికి వాపు వచ్చిందంటే కలం గట్టిగా పిసుకుతున్నారన్నమాట.

ఇంకో మాట. మూలల్లో పసుపు వాళ్ళనే ముందు పెట్టి, బాగా ఆరాక కవర్లు మీకిమ్మనండి. మీరు రాసిచ్చాక పెడితే ఆ తడికి పేర్లు పాకిపోతాయి, మళ్ళీ రాయమని మీ దగ్గరికే వస్తారు.